మీకు తెలుసా? పాసైన సరుకులోనూ తేడా ఉంటుంది

1970ల చివర్లో సోనీ కంపెనీ ఒకే డిజైన్ కలర్ టీవీని టోక్యోలోనూ, అమెరికాలోని శాండియాగోలోనూ తయారుచేసేది. రంగు గాఢతకు రెండుచోట్లా ఒకటే టాలరెన్స్, అంటే అనుమతించే హద్దులు ఒకటే. శాండియాగో నుంచి హద్దు దాటిన సెట్టు దాదాపు ఒక్కటీ బయటికొచ్చేది కాదు. టోక్యోలో మాత్రం వెయ్యికి మూడు దాకా దాటేవి. అయినా అమెరికాలో కొనేవాళ్లు జపాన్‌లో తయారైన టీవీయే కావాలనేవారు! 1979లో అసాహీ షింబున్ పత్రిక ఈ సంగతి రాసింది.

టోక్యో సెట్లలో ఎక్కువ భాగం డిజైనర్ కోరిన విలువకు దగ్గర్లోనే ఉండేవి. శాండియాగోవి ఈ హద్దు నుంచి ఆ హద్దు దాకా సమంగా పరుచుకుని ఉండేవి. హద్దుకు వెంట్రుకవాసి లోపలున్నదీ పాసే, నడిమధ్యలో ఉన్నదీ పాసే. కొన్నవాడి కంటికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

ఈ తేడాను అంకెల్లో పట్టిచ్చేదే సీపీ (Cp). టాలరెన్స్ మొత్తం వెడల్పును ఆరు సిగ్మాలతో భాగిస్తే అది వస్తుంది. ముక్క ముక్కకీ కొలత ఎంత చెదురుతోందో చెప్పేది సిగ్మా. ఆ లెక్కన టోక్యో సీపీ సుమారు 1, శాండియాగోది 0.58.

అలాగని సీపీ ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. లేత్ మీద 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ తీస్తున్నారు. డ్రాయింగ్‌లో టాలరెన్స్ అటూ ఇటూ 0.03. సిగ్మా 0.01 అయితే సీపీ సరిగ్గా 1. టూల్ అరిగేకొద్దీ షాఫ్ట్ లావెక్కుతుంది. సగటు 25.015కి జరిగినా సీపీ ఆ 1 దగ్గరే ఉంటుంది, కానీ నూటికి దాదాపు ఏడు ముక్కలు పై హద్దు దాటేస్తాయి. అందుకే సీపీకే (Cpk) అనే అంకె కూడా చూడాలి. సగటు నుంచి దగ్గరి హద్దుకున్న దూరాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తే వచ్చేది అదే. ఇక్కడ అది 0.5కి పడిపోతుంది. గో-నోగో గేజ్‌తో చూస్తే పాసా ఫెయిలా అన్నంతవరకే తెలుస్తుంది. మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకుంటే, సగటు జరగడం ముక్కలు పాడవకముందే కనబడుతుంది.

విడిభాగాలు కొనే ఆటోమొబైల్ కంపెనీలు సాధారణంగా సీపీకే కనీసం 1.33 ఉండాలంటాయి. సగటు నడిమధ్యలో ఉంటే అది పది లక్షలకు దాదాపు 63 లోపాలతో సమానం. భద్రతకు సంబంధించిన కొలతలకైతే 1.67 అడగడం మామూలే.

సప్లయర్ 1.67 చూపించినా ఒకటి అడగాలి: అన్ని ముక్కలూ ఒకే షిఫ్టులో, ఒకే టూల్‌తో వరుసగా తీసినవేనా? అయితే టూల్ మార్చినప్పుడు, కొత్త లాట్ మెటీరియల్ ఎక్కించినప్పుడు వచ్చే తేడా ఆ అంకెలో లేనట్టే.