కీలుకు కదలికే కందెన!

‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందట. ఇక నడక తగ్గించుకోవాలి’. అరవై దాటిన పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. బేరింగ్ అరిగితే బండి వాడకం తగ్గిస్తాం కదా, మోకాలూ అంతేననుకుంటారు చాలామంది. నిజానికి బేరింగులపై జీవితమంతా పరిశోధించిన ఓ మెకానికల్ ఇంజినీరు మన కీళ్లనూ అదే దృష్టితో పరిశీలించారు. ఆ పరిశోధనలు చెప్పే పాఠం మాత్రం వేరు.

బేరింగుల నుంచి మోకాళ్లకు..

ఘర్షణ, అరుగుదల, వాటిని తగ్గించే కందెనల గురించి చెప్పే శాస్త్రం ట్రైబాలజీ. 1966లో బ్రిటన్‌లో వెలువడిన ఒక ప్రభుత్వ నివేదికతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. ఈ రంగానికి పెద్దదిక్కుగా నిలిచినవారు లీడ్స్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ డంకన్ డౌసన్ (1928-2020). బేరింగులో గుండుకూ, అది దొర్లే గాడికీ మధ్య నూనె పొర ఎంత మందాన నిలుస్తుందో లెక్కగట్టే పద్ధతిని ఆయన సహచరుడు గోర్డన్ హిగ్గిన్‌సన్‌తో కలిసి రూపొందించారు. తలవెంట్రుక కన్నా ఎన్నోరెట్లు పలచని ఆ పొరే లోహాన్ని లోహం తాకకుండా కాపాడుతుంది. భాగాలు కదులుతున్నప్పుడే నూనె మధ్యలోకి చేరి పొరలా నిలుస్తుంది.

తర్వాత డౌసన్ కీళ్లవ్యాధుల వైద్యుడు వెర్నా రైట్‌తో చేయి కలిపారు. మనిషి కీళ్ల అధ్యయనానికి 1967లో లీడ్స్‌లో ప్రత్యేక బృందం ఏర్పాటైంది.

గుజ్జు అంటే ఏంటి?

మనం గుజ్జు అనేది నిజానికి రెండింటిని కలిపి. ఒకటి ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి. రెండోది కీలు సంచిలో ఉండే జిగురు ద్రవం. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఇది కొద్ది మిల్లీలీటర్లే ఉంటుంది. అయినా కీలులో ఘర్షణ మంచు మీద మంచు జారేటప్పటి కన్నా తక్కువే!

మృదులాస్థికి రక్తనాళాలుండవు. దానికి పోషకాలు అందించేది ప్రధానంగా ఈ ద్రవమే. అడుగు వేసినప్పుడు బరువు పడి, తడి స్పాంజిని నొక్కినట్టుగా మృదులాస్థి నుంచి ద్రవం బయటకు ఊరుతుంది. కాలు ఎత్తగానే తిరిగి లోపలికి చేరుతుంది. మృదులాస్థి మీదుండే సన్నటి ఎగుడుదిగుళ్లు కూడా ద్రవం ఒత్తిడికి చదునవుతాయని, అందువల్ల పలచటి పొరే సరిపోతుందని డౌసన్ 1986లో సహచరుడితో కలిసి వివరించారు. అంటే కదలిక కీలును అరగదీసేది మాత్రమే కాదు, కాపాడేది కూడా.

కీచుమన్న తుంటి

కృత్రిమ కీళ్లకూ ఘర్షణే ప్రధాన సమస్య. 1950ల్లో ప్లాస్టిక్ తుంటి కీలు అమర్చిన ఓ వ్యక్తి ముందుకు వంగినప్పుడల్లా అది కీచుమనేదట. ఆ శబ్దం భరించలేక భార్య ఆయనకు దూరంగా ఉండేదట! ఈ ఉదంతమే బ్రిటన్ శస్త్రచికిత్స నిపుణుడు జాన్ చార్న్‌లీని ఘర్షణ గురించి ఆలోచింపజేసింది. ఆయన ముందు జారుడు గుణం ఎక్కువగా ఉండే టెఫ్లాన్ వాడారు. కొన్నేళ్లకే అది అరిగింది. రాలిన రేణువులు చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీశాయి. అవి ఒంట్లో ఏం చేస్తాయో తేల్చుకోవటానికి చార్న్‌లీ తన తొడలోకే వాటిని ఎక్కించుకున్నారు. 1962 నుంచి గట్టి పాలిథిలీన్‌కు మారారు. దాన్ని మెరుగుపరచిన రకాలే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. కొత్త కీళ్లను ఇప్పుడు యంత్రాలపై లక్షల అడుగులు ‘నడిపించి’ పరీక్షిస్తారు.

ఇంట్లో ఏం చేయాలి?

* నడక మానొద్దు. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు చదునైన నేల మీద నడవండి. ఒకేసారి కష్టమైతే పది నిమిషాల చొప్పున విడతలుగా నడవొచ్చు.

* చాలాసేపు కూర్చున్నాక లేచేముందు మోకాళ్లను నాలుగైదు సార్లు చాచి, ముడవండి.

* కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి 5 సెకండ్లు ఉంచి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు చేయండి. తొడ కండరాలు బలపడితే మోకాలికి ఆసరా పెరుగుతుంది.

* బరువు తగ్గండి. ఊబకాయం ఉండి కీళ్లు అరిగినవారు 1 కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005 నాటి అమెరికా అధ్యయనం పేర్కొంది.

* ‘గుజ్జు ఇంజెక్షన్లు’ కొందరికి నొప్పి తగ్గించొచ్చు గానీ అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించవు. వేయించుకునే ముందు డాక్టర్‌తో వివరంగా మాట్లాడండి.

వీటిని తేలిగ్గా తీసుకోవద్దు

మోకాలు ఎర్రబడి వాచినా, జ్వరం తోడైనా, కాలు మోపలేకపోయినా, కీలు పట్టేసి కదలకున్నా వెంటనే డాక్టర్‌ను సంప్రదించాలి. కీలు మార్పిడి చేయించుకున్నవారు నొప్పి లేకపోయినా చెప్పిన గడువుకు పరీక్షలకు వెళ్లాలి. కృత్రిమ కీలు నుంచి రాలే రేణువుల వల్ల చుట్టూ ఉన్న ఎముక చడీచప్పుడు లేకుండా క్షీణించే అవకాశముంది. అది ఎక్స్‌రేలో ముందుగానే బయటపడొచ్చు.

ఇంట్లో అమ్మానాన్నలు ‘మోకాళ్లు అరుగుతాయి’ అంటూ మంచానికే పరిమితమవుతుంటే ఈ సాయంత్రం మీరే చేయి పట్టుకుని వీధి చివరి వరకు తీసుకెళ్లండి.