ఆకు మీద ఆనవాళ్లు

అమెరికాలో మనవాళ్ల పెరళ్లలో పాలకూర, చుక్కకూర, ఆవకూరల పక్కన ఇప్పుడు లెట్యూస్, కేల్, అరుగులా కూడా పెరుగుతున్నాయి. ఆకుకు చిల్లు పడగానే చాలామంది వేపనూనె సీసా అందుకుంటారు. వేపనూనె మంచిదే. కానీ ఆకు పొరల్లో దాక్కున్న పురుగునూ, రాత్రివేళ వచ్చి మేసిపోయే స్లగ్‌నూ అది పెద్దగా ఏమీ చేయలేదు. వంకాయ మొక్కకైతే ఆకు పాడైనా కాయ దక్కుతుంది. ఇక్కడ ఆకే పంట, అందులోనూ పచ్చిగా తినేది. కాబట్టి ఏది తింటోందో ముందు తేల్చుకోవాలి.

పాలకూర మీద పాలిపోయిన వంకర గీతలు, అవి కలిసి గోధుమరంగు బొబ్బలుగా మారడం కనిపిస్తే అది లీఫ్ మైనర్. ఒక బూడిదరంగు ఈగ ఆకు అడుగున తెల్లటి గుడ్లను పక్కపక్కన పేర్చినట్టు పెడుతుంది. పిల్లపురుగు ఆకు రెండు పొరల మధ్యకు దూరి, లోపలి పచ్చదనమంతా తినేస్తుంది. ఆకును ఎండకెత్తి చూస్తే అది కదలడం తెలుస్తుంది. ఆకులు తిరగేసి గుడ్లను వేలితో నలిపేయడం, బొబ్బలెక్కిన ఆకును తుంచి చెత్తబుట్టలో పడేయడమే దీనికి అసలు వైద్యం. పెరట్లో దానంతటదే మొలిచే చక్రవర్తికూరన్నా ఈ ఈగకు ఇష్టమే. పప్పులోకి కోసుకోండి గానీ, మడి పక్కన ముదరనివ్వకండి.

విత్తనం వేసిన రోజే పల్చటి తెల్లగుడ్డ (ఇక్కడ రో కవర్ అంటారు) కప్పి, అంచుల మీద మట్టి వేస్తే ఈగ లోపలికి రాదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఎదిగిన పురుగు మట్టిలోకి దిగి, అక్కడే ఈగగా మారుతుంది. నిరుడు పాలకూర వేసిన మడినే కప్పితే ఆ ఈగను మనమే లోపల పెట్టి పోషించినట్టవుతుంది. మడి మార్చి కప్పాలి.

ఆవకూర, కేల్ ఆకుల్లో పెద్ద పెద్ద చిల్లులు, కింద పచ్చటి పెంటికలు ఉంటే అవి తెల్ల సీతాకోకచిలుక పిల్లలు. ఆ సీతాకోకచిలుక యూరప్ నుంచి 1860 ప్రాంతంలో కెనడాలోని క్విబెక్‌కు చేరి, ఖండమంతా పాకింది. పురుగు ఆకు రంగులోనే ఉండి నడిఈనెను అంటిపెట్టుకుంటుంది కనుక ఒక పట్టాన కనపడదు. దీనికి బీటీ ద్రావణం బాగా పనిచేస్తుంది. మన ఊళ్లలో బీటీ పత్తి అనగానే గుర్తొచ్చే బ్యాక్టీరియానే ఇది. అక్కడ దాని జన్యువును మొక్కలో పెట్టారు, ఇక్కడ బ్యాక్టీరియాను ఆకు మీద చల్లుతాం. పురుగు దాన్ని తినాలి, తిన్నాక మేత మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది. ఎండకు బీటీ త్వరగా పాడవుతుంది, కాబట్టి సాయంత్రం, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టాలి. పేనుబంక మీద ఇది పనిచేయదు.

పేనుబంకకు గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు రాలిపోతుంది. అప్పటికీ లొంగకపోతే మొక్కల కోసమే తయారుచేసిన సబ్బు ద్రావణం వాడొచ్చు. గిన్నెలు తోమే సబ్బు వద్దు, లేత ఆకు మాడుతుంది. పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగు కనిపిస్తే మాత్రం చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకే దాని తిండి. పాపం, ఎక్కువగా నలిగిపోయేది అదే.

సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులుండి, ముట్టుకోబోతే నల్లటి చుక్కలు గెంతితే ఫ్లీ బీటిల్. లేత మొక్కకే దానితో ప్రమాదం, రో కవర్ చాలు. మెరిసే జిగురు చారలుంటే స్లగ్స్, అంటే పెంకులేని నత్తలు. రాత్రి టార్చి పట్టుకుని ఏరేయొచ్చు, లేదా ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లొచ్చు. మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకు విషం. నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున్నే పెడితే స్లగ్స్ కొంత తగ్గుతాయి.

ఇండియా నుంచి తెచ్చిన పురుగుల చాక్‌పీసు మాత్రం పెట్టెలోంచి తీయకండి. అమెరికాలో అలాంటివి అమ్మడం చట్టవిరుద్ధం, సుద్దముక్కే అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ కొన్న మందైనా, చల్లాక ఎన్ని రోజులకు కోయాలో లేబుల్ మీద ఉంటుంది, దాన్ని పాటించడం చట్టం.

ఎంత చూసినా పురుగేదో తేలకపోతే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసును అడగండి. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో దేశమంతటా ఏర్పడిన వ్యవస్థ అది. టెక్సస్‌లో ఏ అండ్ ఎం అగ్రిలైఫ్, న్యూజెర్సీలో రట్గర్స్ దాన్ని నడుపుతున్నాయి. ఆకు పైవైపూ అడుగువైపూ ఫొటోలు తీసి పంపండి. పురుగు దొరికితే దాని పక్కన ఒక నాణెం పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది.