అయస్కాంతపు సడిని పట్టే వజ్రం

వజ్రంలో ఒక కార్బన్ పరమాణువు చోట నైట్రజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా మిగిలితే అక్కడ ఎన్‌వీ కేంద్రం ఏర్పడుతుంది. అందులో చిక్కిన ఎలక్ట్రాన్ల స్పిన్‌కు 0, +1, −1 అని మూడు స్థితులు. ఆకుపచ్చ లేజర్ పడితే కేంద్రం ఎర్రగా వెలుగుతుంది. 0 స్థితిలో ప్రకాశం ఎక్కువ, మిగతా రెండింటిలో తక్కువ. పైగా ఆ లేజరే స్పిన్‌ను తిరిగి 0కు చేరుస్తుంది. స్పిన్‌ను సిద్ధం చేయడానికీ చదవడానికీ ఒకే కాంతి సరిపోతుంది, అదీ గది ఉష్ణోగ్రతలోనే. 2008లో హార్వర్డ్, స్టట్‌గార్ట్ బృందాలు దీన్ని అయస్కాంత సెన్సర్‌గా మలిచి, 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ఫలితాలు ప్రకటించాయి.

ఈ సెన్సర్‌తో పరిశీలించే అయస్కాంత పదార్థాల్లో ఒకటైన యిట్రియమ్ ఐరన్ గార్నెట్ విద్యుద్బంధకం. అందులో ఎలక్ట్రాన్లు కదలవు, స్పిన్ మాత్రం ప్రయాణిస్తుంది. ఒక పరమాణువు స్పిన్ కాస్త ఒరిగితే ఆ ఒరుగు పక్కదానికీ, దాని పక్కదానికీ పాకుతుంది. ఈ స్పిన్ తరంగాలను 1930లో ఫెలిక్స్ బ్లాఖ్ సిద్ధాంతపరంగా ఊహించాడు. వాటి క్వాంటమ్ పేరు మాగ్నాన్. ప్లాటినం తీగలతో ఒక కొసన స్పిన్‌ను పంపి మరో కొసన అందుకోవచ్చు కానీ, మధ్యదారిలో ఏం జరిగిందో ఆ తీగలు చెప్పలేవు.

ఎన్‌వీ కేంద్రం అక్కరకొచ్చేది ఇక్కడే. వేడికి పుట్టే మాగ్నాన్లకు లయ ఉండదు. వాటి అయస్కాంత క్షేత్రం సగటున సున్నా, మిగిలేది సడి మాత్రమే. స్పిన్‌ను 0లో ఉంచి, లేజర్ ఆపి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ చదువుతారు. ఈలోగా తన పౌనఃపున్యానికి సరిపడే సడి తగిలితే స్పిన్ 0 నుంచి జారుతుంది. ఎంత త్వరగా జారితే సడి అంత బలమైనది. క్షేత్రం లేనప్పుడు ఆ పౌనఃపున్యం 2.87 గిగాహెర్ట్జ్. కేంద్రపు అక్షం వెంట ప్రతి మిల్లీటెస్లాకూ అది 28 మెగాహెర్ట్జ్ జరుగుతుంది కాబట్టి, బయటి అయస్కాంతంతో రేడియో ముల్లు తిప్పినట్టే కావలసిన చోటికి తేవచ్చు.

అంతకన్నా సొగసైన ఏర్పాటు దూరంలో ఉంది. పొట్టి తరంగాల క్షేత్రం ఉపరితలం దాటగానే వేగంగా క్షీణిస్తుంది. మరీ పొడవైన తరంగాలు బయట కలిగించే క్షేత్రమే బలహీనం. అందువల్ల సెన్సర్‌కు ప్రధానంగా చేరేవి దాని ఎత్తుతో పోల్చదగిన తరంగదైర్ఘ్యం ఉన్నవే. వజ్రాన్ని ఎంత ఎత్తున ఉంచాలో నిర్ణయించడమంటే ఏ మాగ్నాన్లను వినాలో నిర్ణయించడమే.

2017లో హార్వర్డ్ బృందం ఈ పద్ధతితో గార్నెట్‌లోని మాగ్నాన్ల కెమికల్ పొటెన్షియల్‌ను, అంటే అవి ఎంతగా కిక్కిరిశాయో తెలిపే రాశిని, కొలిచింది. మైక్రోవేవ్‌లతో ఎక్కువ మాగ్నాన్లను నింపేకొద్దీ అది పెరిగి, మాగ్నాన్‌కు సాధ్యమైన కనిష్ఠ శక్తి దగ్గర ఆగిపోయింది.

తర్వాతి అడుగులు త్వరగా పడ్డాయి. 2019లో వజ్రపు మొనతో క్రోమియమ్ అయోడైడ్ పలుచని పొరల అయస్కాంతత్వాన్ని చిత్రించారు. 2022లో హెమటైట్ అనే యాంటీఫెర్రో అయస్కాంతంలో స్పిన్ ఎంత వేగంగా వ్యాపిస్తుందో సడి ఆధారంగానే అంచనా కట్టారు. వజ్రం కన్నా ఇంకా దగ్గరగా ఆనించగల బోరాన్ నైట్రైడ్ రేకుల్లోని లోపాలూ సెన్సర్లుగా పనికొస్తున్నాయి.