నీడను పేరుపెట్టి పిలిచిన బాలుడు

బాలుర కథలలో మాంత్రికుడనగానే నెరసిన గడ్డముగల వృద్ధుడు మనకు స్ఫురించును. ఆ వృద్ధుడును ఒకప్పుడు బాలుడే గదా! అపాయకరమైన ఆ విద్యను అతడు ఎచట, ఎట్లు నేర్చెను? ఈ ప్రశ్న అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్‌కు కలిగినది. దానికి సమాధానముగా వెలసిన నవలయే 1968లో ప్రకటితమైన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’.

ఆమె 1929 అక్టోబరు 21వ తేదీన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున జన్మించెను. తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అమెరికా ఆదివాసుల భాషలను, ఆచారములను పరిశోధించిన మానవశాస్త్రాచార్యుడు. 1911లో యాహీ తెగకు కడపటివాడగు ఒక మనుష్యుడు ఆయన పనిచేయు మ్యూజియమున ఆశ్రయము పొందెను. తన పేరు తానే చెప్పుకొనుట ఆ తెగవారి ఆచారము కాదు. అందుచే క్రోబర్ అతనిని ‘ఇషి’ యని పిలిచెను. అతని భాషలో ఆ మాటకు మనిషి యని యర్థము. 1916లో ఇషి మరణించెను. అసలు పేరు అతనితోడనే పోయెను. ఉర్సులా తల్లి థియొడోరా 1961లో అతని చరిత్రను గ్రంథముగా వెలువరించెను. ఆ యింటి పుత్రిక వ్రాసిన నవలకు పేరే ప్రాణమగుట గమనింపదగినది. భర్త పేరు నోట పలుకని స్త్రీల నెరిగిన మనకు ఈ భావము వింతగా తోపదు.

ఎర్త్‌సీ దీవుల లోకము. అచట ప్రతి వస్తువునకును నిజనామము కలదు. దాని నెరిగినవానికి ఆ వస్తువు వశమగును. గాంట్ దీవిలో తల్లిలేని ఒక మేకలకాపరి బాలునకు ఒజియన్ అను మాంత్రికుడు ‘గెడ్’ అను నిజనామ మొసగి శిష్యునిగా గ్రహించెను. వానను మళ్ళించు శక్తి యుండియు ఆ గురువు వానలో తడియుచు పరుండును. మంత్రములకు మారు మొక్కల పేర్లు చెప్పును. శిష్యుని ఓపిక నశించెను. గురువు కోపింపక, తనవద్ద నుండుటయో, రోక్ దీవి పాఠశాల కేగుటయో అతని యిష్టమునకే విడిచెను. బాలుడు రోక్‌కు పోయెను.

అచట తోటి విద్యార్థి యెత్తిపొడుపునకు మండిపడి గెడ్ మృతలోకమునుండి ఒక ఆత్మను పిలిచెను. చీలిన చీకటినుండి నీడ యొకటి వెలువడి అతనిపై బడెను. ఆ చీలికను మూయుటకు ప్రధానాచార్యుడు తన ప్రాణమునే ధారపోసెను. ఒక బాలుని డంబమునకు అంత మూల్యము!

పిదప గెడ్ నీడకు వెరచి పరుగులిడెను. తుదకు డేగరూపము దాల్చి, తన్ను తానే మరచు స్థితిలో, ఒజియన్ చేతిపై వ్రాలెను. పేరు పెట్టినవాడు గనుక గురువు గుర్తించి, మరల మనిషిని చేసి, ఇక పారిపోవక నీవే దానిని తరుముమని బోధించెను. మిత్రుడు వెచ్‌తో కడపటి దీవినిగూడ దాటిపోయి, గెడ్ ఆ నీడను తన పేరుతోనే పిలిచెను. అది పరులది కాదు, తనదే.

గెడ్ తెల్లవాడు కాడు, రాగివన్నెవాడు. 2004లో టెలివిజన్‌వారు అతనిని తెల్లవానిగా చూపగా లెగ్విన్ తీవ్రముగా నిరసించెను. 2018 జనవరి 22న, 88 ఏండ్ల ప్రాయమున, పోర్ట్‌లండ్ నగరమున ఆమె మరణించెను.

తప్పు చేయని విద్యార్థి లేడు. తప్పు తనదేయని యొప్పుకొనుట ఎంత కష్టమో విద్యార్థులకు ఈ కథ చెప్పును. ఉపాధ్యాయులకు చెప్పునది వేరొకటి కలదు. తన్ను కాదని వెడలిన శిష్యుడు గాయపడి తిరిగివచ్చిననాడు ఒజియన్ వానిని నిందింపలేదు. తలుపు తెరచి యుంచెను.