పట్టికలో కాలమ్‌ల పేర్లు

బళ్లారి ప్రాంతపు తెలుగువారిలో పొలం పుట్రా ఉన్న చాలా ఇళ్లలో రెండు రకాల కాగితాలు కనబడతాయి. ఒకటి తాతల నాటి అడంగలు నకలు, కరణంగారి చేతివ్రాత. రెండవది కంప్యూటరు కన్నడంలో అచ్చువేసి ఇచ్చిన పహణి. పొలం అదే, గట్లూ అవే. కాలమ్‌ల పేర్లు మాత్రం వేరు. ఆ పేర్ల వెనుక లెక్క కూడా వేరని చాలామంది గమనించరు.

1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికీ, బళ్లారితో సహా తక్కినవి మైసూరుకూ పోయిన సంగతి చదువరులకు మేము చెప్పనక్కరలేదు. అన్నదమ్ముల పొలాలు చెరొక రాష్ట్రంలో పడ్డ కుటుంబాలు మనలోనే ఉన్నవి. అటువైపు ఎకరానికి 100 సెంట్లు. ఇటువైపు ఎకరానికి 40 గుంటలు. కనుక కాగితం మీద 2.20 అని ఉంటే రాయదుర్గంలో అది రెండెకరాల ఇరవై సెంట్లు. బళ్లారిలో రెండెకరాల ఇరవై గుంటలు, అనగా సరిగ్గా రెండున్నర ఎకరాలు. తేడా 30 సెంట్లు.

కాగితం చేతిలో పట్టుకున్న మనిషికి ఈ చిక్కు లేదు. ఏ ఊరి కాగితమో చూస్తాడు, తెలుసుకుంటాడు. చిక్కంతా కాగితం యంత్రంలోకి పోయిన తరువాతనే.

కర్ణాటకలో ‘భూమి’ పథకం క్రింద 177 తాలూకాలలో 67 లక్షల రైతులకు చెందిన సుమారు రెండు కోట్ల పహణి లెక్కలను కంప్యూటరుకెక్కించారు. 15 రూపాయలు కడితే నకలు చేతికి వచ్చేది. అప్పటినుండి మన పల్లెల్లో ఒక చిత్రమైన భాష పుట్టింది. ‘‘తొమ్మిదిలో మా నాయన పేరుంది సామీ, పదకొండులో బ్యాంకు అప్పుంది’’ అంటారు. తొమ్మిదవ కాలమ్ యజమానిది, పదకొండవది హక్కులూ ఋణాలూ. అక్షరం ముక్క రానివారు సైతం కాలమ్‌ను అంకెతో గుర్తుపట్టగలిగారు. పేరు బాగుండడమంటే పొడుగ్గా, అందంగా ఉండడం కాదని దీనివల్ల మాకు తోస్తున్నది. అందరూ ఒకే వస్తువును ఒకే మాటతో పిలిస్తే చాలు.

ఆఫీసుల్లో యంత్రం లోపలి పేర్లు అలా ఉండవు. వాటిని పెట్టేది ప్రోగ్రాము వ్రాసేవారు. డీబేస్ అనే పాత సాధనంలో కాలమ్ పేరుకు పది అక్షరాలు మించరాదు. ఆ పొదుపు అలవాటై, చోటు పెరిగిన తరువాత కూడా ‘ఎక్స్‌టి_1’, ‘ఎక్స్‌టి_2’ అనే పేర్లే నిలిచిపోయినవి. ఒకటి మొత్తం విస్తీర్ణం, మరొకటి ఖరాబు తీసివేయగా మిగిలినది. ఏది ఏదో పెట్టినవారికి తెలుసు. రిపోర్టులు తీసుకొనే మావంటి గుమాస్తాలకూ, మేనేజర్లకూ ఎట్లా తెలుస్తుంది?

ఎల్లకు రెండువైపులా ఎరువులు, విత్తనాలు అరువుకిచ్చే ఒక సంస్థలో జరిగినది చెబుతాము. అరువు ఎకరాకు ఇంత అని లెక్క. రెండు రాష్ట్రాల రైతుల పట్టికలనూ కలిపి ఒకే షీటులో వేశారు. చదువుకోవడానికి వీలుగా కాలమ్‌కు ‘విస్తీర్ణం’ అని చక్కని పేరు కూడా పెట్టారు. తండ్రి చెరి రెండున్నర ఎకరాలు పంచి ఇచ్చిన ఇద్దరు అన్నదమ్ములలో రాయదుర్గం వైపు తమ్ముడికి 2.50 అనీ, బళ్లారి వైపు అన్నకు 2.20 అనీ పడింది. అన్నకు అరువు తగ్గింది. ‘‘మా నాయన సమానంగా పంచినాడు గదప్పా, మీ మిషనెట్ల తక్కువ చేసింది?’’ అని ఆ పెద్దాయన అడిగితే జవాబు చెప్పగలవారు లేకపోయారు. కూడికలోనూ ఇదే అన్యాయం. ఒక ఎకరా ముప్పై గుంటలకు అంతే మరొకటి చేరిస్తే మూడెకరాల ఇరవై గుంటలు కావాలి, యంత్రం 2.60 అన్నది. గుంటల లెక్కలో 40, ఆపై అంకె రాకూడదని ఎవరికీ తట్టలేదు.

వికారమైన పేరు ఒకవిధంగా మేలే. ‘ఎక్స్‌టి_1’ అంటే ఏమిటని మనిషి అడుగుతాడు. ‘విస్తీర్ణం’ అంటే అడగడు. అడంగలులో పట్టాదారు, అనుభవదారు అని రెండు కాలమ్‌లు ఉన్నవి. సులువుగా ఉంటుందని దేనికైనా ‘రైతు పేరు’ అని పెడితే, కౌలుదారు పంటకు సొమ్ము పొలం యజమానికి పోవచ్చును. సంవత్సరం కాలమ్ కూడా అంతే. ఫసలీ 1430కి 590 కలిపితే 2020. అదీ జూలై 1నుండి మొదలు. ‘సంవత్సరం’ అని ఊరుకుంటే ఏది ఫసలీ, ఏది ఇంగ్లీషు సంవత్సరం?

ఆ సంస్థవారు తరువాత చేసినది మాకు నచ్చింది. అసలు పట్టికలోని పేర్లు కదపలేదు, వాటిమీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి గనుక. పైన వ్యూ అనే ఒక కిటికీ కట్టారు. లోపల ‘ఎక్స్‌టి_2’ ఉన్నచోట కిటికీలో ‘ఖరాబు పోను విస్తీర్ణం, సెంట్లలో’ అని కనబడుతుంది. గుంటను రెండున్నరతో హెచ్చవేసి సెంట్లు చేసే పని కూడా కిటికీలోనే. ప్రతి కాలమ్‌కు రెండు వాక్యాల వివరణ డేటాబేసులోనే వ్రాసి ఉంచారు. ఓరకిల్, పోస్ట్‌గ్రెస్ వంటివాటిలో కాలమ్‌కు కామెంటు తగిలించే వసతి ఉన్నది. అర్థాల జాబితాను వేరే కాగితంగా పంచిపెడితే మూడు నెలల్లో పాతబడుతుంది; ఎవరి దగ్గర ఏ ప్రతి ఉన్నదో దేవుడికెరుక.

పేర్లు నిర్ణయించడానికి ఇంజనీరుతో పాటు కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తాను కూడా పిలిచారు. ఖరాబును ‘వ్యవసాయానర్హ భూమి’ అని మార్చబోతే అతడే వద్దన్నాడట. ఖరాబు, ఖాతా అనే మాటలు తెలుగువాడికీ కన్నడిగుడికీ కూడా తెలుసు. వాటిని సంస్కృతంలోకి మార్చి ఎవరిని ఉద్ధరించాలి?

పెద్దాయన లెక్క ఆ ఖరీఫుకే సరిచేశారు. ‘ఎస్‌టి_3’ అనే కాలమ్ ఒకటి మాత్రం మిగిలిపోయింది. దానిలో 1, 2, 9 అనే అంకెలు ఉన్నవి. పెట్టినవారు ఉద్యోగం మానివేసి వెళ్లారు. దానికి మంచి పేరు పెట్టకుండా, ‘అర్థం తెలియదు, వాడవద్దు’ అని కామెంటు వ్రాసి అలాగే ఉంచారు.