పూసల బ్రోచి - కుట్టుటలోని చిక్కులు

పైట చెరగును భుజముపై నిలిపియుంచు బ్రోచి రెండంగుళములు మించని వస్తువు. పూసలతో కుట్టిన బ్రోచిని చేతిలోనికి తీసికొని చూచువారికి దాని సొగసు మాత్రమే కనబడును గాని, దాని వెనుక ఎన్ని పోగులు తెగినవో, ఎన్నిమార్లు విప్పి కుట్టబడినదో తెలియదు. ఆ కనబడని భాగమును గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

మా అమ్మమ్మగారు కుట్టిన పూసల సంచి యొకటి చిరకాలము మా యింట పెట్టెలో భద్రముగా నుండెను. ఒకనాడు దానిని వెలికి తీయగనే, చివికిపోయిన నూలుదారము తెగి, పూసలన్నియు జలజల రాలిపోయినవి. మాగిన నేరేడుపండు రంగు పూసలవి. ఎన్ని అంగళ్లు తిరిగినను సరిగా ఆ రంగు దొరకలేదు. అప్పటికి మా మేనకోడలి వివాహము సమీపించుచుండెను. ఆ పూసలతో ఆమెకొక బ్రోచి కుట్టి యీయవలెనని సంకల్పించితిమి. ఏరి లెక్కింపగా 500 పూసలు తేలినవి. పోయిన పూస మరల రాదు. మా భయమంతయు అదియే.

పని మొదలిడుటకు పూర్వము పూస పుట్టుకను గూర్చి కొంత తెలిసికొనుట మేలు. చిన్న గాజుపూసలలో అధికభాగము, కరిగిన గాజును నడుమ బోలుగా నుండునట్లు సన్నని గొట్టముగా సాగదీసి, చల్లారిన పిమ్మట తునుకలుగా నరికి చేసినవే. నరికిన అంచు కత్తివలె వాడిగా నుండును. ఆ తునుకలను బూడిదతో కలిపి మరల వేడిచేసినచో అంచులు నునుపెక్కును. బూడిద రంధ్రములో నిండియుండుటచే రంధ్రము పూడిపోదు. ఈ విద్య దక్షిణ దేశమునకు క్రొత్తది కాదు. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపిన, పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో ఇట్టి పూసలు విస్తారముగా లభించినవి. మన తిరుపతి ప్రాంతమందలి పాపానాయుడుపేటలో 20వ శతాబ్దమునందును గాజు గొట్టములు సాగదీసి పూసలు చేయువారుండిరి.

ఈ సంగతి కుట్టువారికెందుకని అడుగవచ్చును. అంచు సరిగా నునుపెక్కని పూస లోపలినుండి దారమును కోయుచుండును. బ్రోచి ఆరునెలలకే రాలిపోవుటకు తరచుగా కారణము ఆ యొక్క పూసయే. కావున మొదటి పని ఏరుట. పళ్లెములో తెల్లని మెత్తని గుడ్డ పరచి పూసలు పోసినచో అవి ఎగిరిపోవు. అంచు విరిగినవానిని, రంధ్రము పూడినవానిని తీసివేయవలెను. సూది దూరని పూసలో బలవంతముగా సూదిని నెట్టరాదు. పూస పగులును, సూదియు విరుగును. సన్నపూసలను, లావుపూసలను వేరుగా నుంచవలెను. సన్ననివి వంపులకు, లావైనవి నడిమి భాగమునకు తగును. నేడు అంగళ్లలో లభించు పూసలకు నంబర్లు కలవు. 11వ నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 15వ నంబరుది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండును. నంబరు పెరిగినకొలది పూస చిన్నదగును. పాతకాలపు పూసలకట్టి నిలకడ లేదు, కన్నే కొలబద్ద. మా పూసలలో 60 ఇట్లే వెళ్లిపోయినవి.

నాలుగు సెంటీమీటర్ల పొడవున మామిడిపిందె ఆకృతి గీసికొని కుట్టనారంభించితిమి. నాలుగు దినములలో పని ముగిసినది. చట్రమునుండి గుడ్డను విప్పగనే అది నూనెలో వేసిన అప్పడమువలె ముడుచుకొనెను. బరువు పెట్టితిమి, తడిపి ఆరబెట్టితిమి, ప్రయోజనము లేదు. అప్పుడు మా పిన్నిగారు దానిని చేతికి తీసికొని, "పైనేం చూస్తావమ్మాయీ, తిరగేసి చూడు. వంకరంతా అక్కడుంది" అనిరి. త్రిప్పి చూడగా వెనుక దారములన్నియు వీణతీగలవలె బిగిసియున్నవి. పూస కదలరాదను తొందరలో ప్రతి కుట్టును బిగించి లాగితిమి. గుడ్డయు పలుచనిది, ఆ బిగువునకు తాళలేక ముడుచుకొన్నది.

విప్పక తప్పలేదు. పళ్లెముపై పట్టుకొని వెనుక దారములను ఒక్కొక్కటిగా కత్తిరించి పూసలను రాల్చితిమి. మూడు మాత్రము పగిలినవి. రెండవమారు ఫెల్టు గుడ్డ క్రింద దర్జీలు కాలరులలో వాడు బక్రము వేసి చట్రమున బిగించితిమి. నూలునకు బదులు సన్నని పాలిస్టరు దారము తీసికొని తేనెమైనము రుద్దితిమి. రెండు మూరలకు మించిన దారము చిక్కుపడును.

కుట్టు విధానమిది. నాలుగు పూసలు ఎక్కించి గీతపై పరచి, నాలుగవదాని చెంత సూదిని దింపవలెను. పిమ్మట రెండవ, మూడవ పూసల నడుమ సూదిని పైకి తీసి, మూడవ నాలుగవ పూసలలోనుండి మరల పోనిచ్చి, తక్కిన పూసలెక్కించుకొనవలెను. దారము గుడ్డపై ఆనినంతనే చేయి ఆపవలెను. వంపులలో నాలుగెక్కించినచో వరుస మూలలు దేరును. అచట రెండే చాలును. పిందె కొనవద్ద వరుసను బలవంతముగా త్రిప్పరాదు. కొనయందొక పూసను ఒంటిగా కుట్టి, దారమును క్రిందికి దింపి, క్రొత్త దిశలో వరుసను మరల మొదలిడవలెను. అంచు వరుస ముగిసిన పిమ్మట దారమును ఆ పూసలన్నిటిలోనుండి ఇంకొకమారు త్రిప్పినచో ఒడుదొడుకులు సర్దుకొనును.

తరువాతి గండము కత్తెర. అంచు పూసలకు ఆవల రెండు మిల్లీమీటర్ల గుడ్డ విడిచి కత్తిరింపవలెను. ఒకవేళ వెనుక దారము తెగినచో దానిని లాగరాదు. ఇరువైపుల రెండు మూడు పూసలవరకు విప్పి, కొనలను ముడివైచి, క్రొత్త దారముతో ఆ ఖాళీని పూరింపవలెను.

ఇక పిన్ను. దానిని నడుమ కుట్టినచో బ్రోచి తల ముందునకు వ్రాలును. వెనుక గుడ్డను పైనుండి మూడవవంతు దిగువన పిన్నును కుట్టి, ఆ పిమ్మటనే రెండు గుడ్డలను చేర్పవలెను. జిగురు నడుమ మాత్రమే పూయవలెను. గట్టిపడిన జిగురులో అంచు కుట్టుటకు సూది దిగదు. రెండు గుడ్డలను కలుపుచు ఒక్కొక్క పూసను నిలువుగా కుట్టుకొనిపోయినచో అంచు మూసికొనును. పలుచని పట్టుచీరపై ధరించునపుడు చెరగు లోపల చిన్న గుడ్డముక్క నుంచి పిన్ను పెట్టినచో చీర చిరుగదు.

పెండ్లినాటికి బ్రోచి సిద్ధమైనది. 70 పూసలు మిగిలినవి. ఎన్నడైన ఒకటి రాలినచో వేయుటకై చిన్న సీసాలో పోసి, బ్రోచితోపాటు ఇచ్చితిమి. దగ్గర పరికించినచో కొనవద్ద ఒక వరుస కొంచెము వంకర. దానిని మేము విప్పలేదు. ఇంకొకమారు విప్పినచో ఎన్ని పూసలు పగులునో యని వెరచితిమి.

విందువేళ మా అక్కగారు కుమార్తె పైట సర్దబోయి, బ్రోచిపై చేయి యుంచి నిలిచిపోయిరి. వ్రేలితో పూసలను తడవుచు, "ఇది అమ్మమ్మ సంచి కదూ!" అనిరి. ఆ వంకర వరుస వారి కంటబడినదో లేదో మేమడుగలేదు.