కొవ్వొత్తి పట్టిన చెయ్యి

చిప్పగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో ప్రార్థనకూటానికి ఐదారుగురే వస్తే మనం నిరుత్సాహపడతాం. తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ నికోలస్ చర్చి కూడా అలాంటి రోజులు చూసింది. కమ్యూనిస్టు పాలన కింద 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకు అక్కడ శాంతి కోసం ప్రార్థించేవారు. కొన్ని వారాలు వేళ్లమీద లెక్కించేంత మందే వచ్చేవారు. అయినా ప్రార్థన ఆగలేదు.

1989 అక్టోబర్ 9న ప్రభుత్వం సాయుధ బలగాలను దింపింది. పార్టీ సభ్యులను వందలాదిగా పంపి చర్చి బల్లలను ముందే నింపింది. వారు కూడా కూర్చుని శాంతి సందేశం విన్నారు. ఆ సాయంత్రం సుమారు 70,000 మంది వీధుల్లో నడిచారు. ఎందరి చేతుల్లోనో కొవ్వొత్తులు! దీపం ఆరిపోకుండా రెండో చెయ్యి అడ్డుపెట్టాలి, ఇక రాయి పట్టేదెలా అనేవారు పాస్టర్ క్రిస్టియన్ ఫ్యూరర్. ఆ రాత్రి ఒక్క తూటా పేలలేదు. మాస్కోలో వచ్చిన మార్పులూ తోడయ్యాయి. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1990 మార్చి 18న ప్రజలు స్వేచ్ఛగా ఓటేశారు.

అన్యాయం ఎదురైనప్పుడు మన చెయ్యి దేనికోసం వెతుకుతోంది? శత్రువును ప్రేమించమన్న ప్రభువు మాటను ఆదివారానికే వదిలేస్తున్నామా? ఈ వారం ఐదుగురమే ఉన్నా మోకరిద్దాం. లెక్క దేవునిది, నమ్మకంగా నిలవడం మనది.